కరువుకాలపు కాపరి: జాన్ క్లౌ దొరగారి జీవితము

ఈ శతాబ్ది సంచికలో మన బిషప్పులను గూర్చియు, తొలి గురువులను గూర్చియు, ఊరూర తిరిగిన బైబిలు స్త్రీలను గూర్చియు సోదరులు వ్రాయుచున్నారు. మేము మాత్రము మన డయోసీసుకు చెందని ఒక దైవజనుని జీవితమును వ్రాయ సాహసించుచున్నాము. ఆయన బాప్తిస్టు. మనము శిశువులకు బాప్తిస్మమిత్తుము, ఆయన ఇయ్యలేదు. మనకు బిషప్పులున్నారు, ఆయన సంఘమునకు లేరు. ఈ భేదములు చిన్నవని మేము అనబోము. అయినను దొనకొండ, మార్కాపురం, కంభం, పొదిలి, కనిగిరి ప్రాంతములలో ఏ క్రైస్తవ కుటుంబమును పట్టుకొని నాలుగైదు తరములు వెనుకకు పోయినను ఎక్కడో ఒకచోట క్లౌ దొరగారి పేరు తగులకపోదు. మన ఇండ్లకు కోడండ్రుగా వచ్చినవారిలో సగము మంది బాప్తిస్టు ఇండ్ల ఆడబిడ్డలే గదా! అందుచేత ఆయనను పరాయివాడనుట మాకు సాధ్యము కాలేదు.

జాన్ ఎవరెట్ క్లౌ 1836 జూలై 16వ తేదీన అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున, ఫ్రూస్‌బర్గు అను గ్రామము దగ్గర జన్మించెను. అదే 1836లో శామ్యూల్ డే దొరగారు తెలుగుదేశమున అడుగుపెట్టి అమెరికను బాప్తిస్టు మిషనుకు పునాది వేసిరి. క్లౌ కుటుంబము బ్రతుకుతెరువు కొరకు పడమటి దిక్కుగా ఇల్లినాయిసుకు, అటనుండి ఐయోవాకు తరలిపోయెను. పడుచువాడై యుండగా అతడు మిన్నెసోటా అడవులలో ప్రభుత్వ సర్వే జట్టుతో కలిసి భూములు కొలిచెను. గొలుసు లాగుట, మట్టము చూచుట, గుడారములో పండుకొనుట, కూలివారిని కూడగట్టి పని చేయించుట, ఇవన్నియు అక్కడ నేర్చెను. ఆ చదువు ఇరువది ఏండ్ల తరువాత ఒంగోలు సీమలో వేలమంది ప్రాణములు నిలుపునని అప్పుడెవరికి తెలియును?

బర్లింగ్‌టన్ విద్యాలయములో చేరినప్పుడు అతనికి లాయరు కావలెనని కోరిక. దేవుని విషయమున నమ్మకము తక్కువ. ఒకే గదిలో నుండిన తోటి విద్యార్థి ప్రార్థనాపరుడు కాగా, గది నడుమ సుద్దముక్కతో గీత గీచి, నీ ప్రార్థన నీ వైపుననే చేసికొనుమని చెప్పెననియు, కొంతకాలమునకు తానే ఆ గీత దాటి అతని ప్రక్కన మోకాళ్లూనెననియు చెప్పుకొనుట కలదు. ఏమైనను 1858లో అతడు మారుమనస్సు పొంది బాప్తిస్మము తీసికొనెను. 1861లో హేరియెట్ సండర్లాండు అమ్మగారిని వివాహమాడెను. కొంతకాలము క్రైస్తవ పుస్తకములు మోసికొని ఊరూర తిరిగెను. మనము కాల్పోర్టరు పని అందుమే, అదే.

ఆ దినములలో తెలుగు మిషను స్థితి చాల దీనముగా నుండెను. డే దొరగారు 1840లో నెల్లూరు చేరిరి, తరువాత జూయెట్ దొరగారు వచ్చిరి. ఇంతమంది ఇన్నేండ్లు కష్టపడినను సంఘస్థులను వ్రేళ్లపై లెక్కింపవచ్చును. అమెరికాలోని పెద్దలు ఈ మిషనును మూసివేయుటను గూర్చి ఒకటికి రెండుమార్లు ఆలోచించిరి. పటము మీద ఒకే ఒక చుక్కగా నున్నందున దానికి ఒంటరి నక్షత్రమను పేరు వచ్చినది. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున జూయెట్ దొరగారు, వారి భార్య, ముగ్గురు తెలుగు క్రైస్తవులు ఒంగోలు కొండ ఎక్కి ఆ సీమకు దైవసేవకుని పంపుమని ప్రార్థించిరి. దానికే నేడు ప్రార్థన కొండ అని పేరు. 1862లో జూయెట్ దొరగారు సెలవుపై అమెరికా వెళ్లగా మిషను మూసివేయు మాట మరల లేచెను. మీరు పంపకపోయినను నేనొక్కడనే పోయి అక్కడనే చచ్చెదనని ఆయన మొండిపట్టు పట్టెను. అట్లయిన నిన్ను పాతిపెట్టుటకైనను ఒకనిని పంపవలెను గదా అని పెద్దలు మెత్తబడిరట. అట్లు పంపబడినవాడే క్లౌ. 1864 నవంబరు 30న బోస్టనులో ఓడ ఎక్కి, 1865 ఏప్రిలులో మద్రాసున దిగిరి. నెల్లూరులో ఏడాదికి పైగా తెలుగు నేర్చుకొని 1866 సెప్టెంబరు 17న ఒంగోలు చేరిరి. అప్పటికి దొరగారికి 30 ఏండ్లు.

ఇక్కడ ఒక మాట చెప్పవలెను. మన పెద్దలు కథ చెప్పునప్పుడు క్లౌ దొరగారు వచ్చి సువార్త తెచ్చెనందురు. నిజమునకు సువార్త ఆయనకంటె ముందే కనిగిరి సీమ చేరినది. తెచ్చినవాడు తెల్లదొర కాడు, చదువు రాని మాదిగ తోళ్ల వర్తకుడు. తాళ్లకొండపాడు వాస్తవ్యుడైన యర్రగుంట్ల పేరయ్యగారు తోళ్ల బేరము మీద ఏలూరు దాక పోవుచుండువారు. ఆయన రాజయోగ సాధన చేసి, గురువుల యొద్ద ఉపదేశము పొంది, దేవుడొక్కడే అను తెలివికి అప్పటికే వచ్చియుండెను. ఏలూరులో చర్చి మిషనరీ సొసైటీ వారి అలెగ్జాండరు దొరగారు, అనగా మన ఆంగ్లికను సంఘపు గురువే, ఆయనకు క్రీస్తును గూర్చి చెప్పి, మీ ప్రాంతమునకు దగ్గరగా ఒంగోలులో ఒక మిషనరీ రానున్నాడని తెలిపెను. 1866 మార్చిలో పేరయ్యగారును, భార్య నాగమ్మగారును ఒంగోలులో జూయెట్ దొరగారి చేత బాప్తిస్మము పొందిరి. ఆంగ్లికను గురువు విత్తగా బాప్తిస్టు గురువు కోసెను. ఏ మిషను గొప్పదని వాదులాడుకొను మన యువకులు ఈ సంగతి గమనింతురు గాక.

1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో ఒంగోలు సంఘము స్థాపింపబడెను. ఆ నెలలోనే పేరయ్యగారి పిలుపు మీద క్లౌ దొరగారు పడమటగా నలుబది మైళ్లు ప్రయాణము చేసి తాళ్లకొండపాడు చేరిరి. అప్పటికి మన సీమలో రైలు లేదు. గుఱ్ఱమో, ఎద్దుబండియో, కాలినడకయో గతి. చింతతోపులో గుడారము వేసిరి. చుట్టుప్రక్కల పల్లెలనుండి జనులు సద్దిమూటలు కట్టుకొని వచ్చి కూర్చుండిరి. ఐదు దినముల బోధ తరువాత 28 మంది బాప్తిస్మము పొందిరి. ముప్పది ఏండ్లలో కానిది ఐదు దినములలో అయినది.

ఇప్పుడు వచ్చినది మొదటి పరీక్ష.

ఒంగోలు పట్టణములో కొందరు బ్రాహ్మణులు, ఇతర పెద్దకులములవారు దొరగారి యెడల మర్యాదగా నుండిరి. తమ బిడ్డలను ఆయన బడికి పంపిరి. సువార్త వినుటకు చెవి యొగ్గిరి. ఏ మిషనరీ అయినను కోరుకొను అవకాశమిది. పెద్దకులములు ముందుగా వచ్చినచో తక్కినవారు వారి వెంట వత్తురని అప్పటి మిషనరీలలో చాలమంది తలంపు. ఇంతలో మాదిగపల్లెల నుండి మనుష్యులు వచ్చి బాప్తిస్మమడుగసాగిరి. పెద్దకులములవారు దొరగారితో మర్యాదగానే, కాని ఖండితముగా చెప్పిరి: వీరిని చేర్చుకొన్నచో మేము రాము, మా బిడ్డలను పంపము అని. వారు బెదరించినట్లు మాకు తోచదు. ఆనాటి లోకరీతిని బట్టి వారు న్యాయమనుకొన్నదే చెప్పిరి. కాని ఆ మాట వినుట అంత తేలిక కాదు. ఒక ప్రక్క చదువుకొన్న పట్టణము, బడి, పలుకుబడి. మరియొక ప్రక్క చచ్చిన పశువుల మాంసము తినువారని, ఊరిబావి తాకరాదని ఊరి వెలుపల నుంచబడినవారు, చెప్పులు కుట్టువారు, డప్పు కొట్టువారు.

దొరగారికి ఏమి చేయుటకును తోచలేదు. అమెరికాలోని పెద్దలకు వ్రాసి సలహా తెప్పించుకొనవలెనన్నను నెలలు పట్టును. ఒక సాయంకాలము ఆయన మనసు బరువెక్కి తన గదిలో కూర్చుండి, దగ్గరనున్న వేదపుస్తకమును తెరువగా కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయము కంటబడెను. పిలువబడినవారిలో జ్ఞానులు, ఘనులు, గొప్ప వంశమువారు అనేకులు లేరనియు, లోకము ఎన్నిక చేయనివారినే దేవుడు ఏర్పరచుకొనెననియు పౌలు తెలుపు భాగమది. అదే సమయమున వేరొక గదిలో అమ్మగారును ఇదే విచారముతో వేరొక పుస్తకము తెరువగా ఆమెకును అదే అధ్యాయము వచ్చినది. ఇద్దరును ఒకరితో ఒకరు చెప్పుకొన్నప్పుడు ఇక సందేహము మిగులలేదు. మాదిగలు చేర్చుకొనబడిరి. పెద్దకులముల పిల్లలు బడి విడిచిపోయిరి. అనుకొన్న నష్టము అనుకొన్నట్లే జరిగినది. దేవుడు దారి చూపెను గాని, నష్టమును తప్పించలేదు.

వేదపుస్తకమును ఊరక తెరచి దైవచిత్తము తెలిసికొను పద్ధతిని మేము ఎవరికిని సిఫారసు చేయము. మన గురువులును చేయరు. దొరగారును దానినొక అలవాటుగా చేసికొన్నట్లు మేము ఎక్కడను చదువలేదు. ఆ రాత్రి చదివిన మాటలకు ఆయన కట్టుబడి, దాని వెల చెల్లించెను. మాకు ముఖ్యముగా తోచినది అది.

వెల చెల్లించినవారు దొరగారొక్కరే కాదు. పల్లెలలోని క్రొత్త విశ్వాసులు ఇంకను ఎక్కువ చెల్లించిరి. దొరగారు వారికి పెట్టిన కట్టుబాట్లు కొద్దివే: విగ్రహములను పూజింపరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, ఆదివారము పని చేయరాదు. వినుటకు తేలికగానే యుండును. కాని ఊరి జాతరలో డప్పు కొట్టుట మాదిగల వంతు. అది మానిరి. కోతకాలములో రైతు కబురు పెట్టగా, ఆదివారము రామనిరి. దానితో ఊరు వారిపై కట్టుగట్టినది. కళ్లము దగ్గర వారి మేర గింజలు ఆపిరి. కోమటి అంగడిలో ఉప్పు, పప్పు అమ్మలేదు. వెట్టికి లాగిరి, కొట్టిరి. కొందరిపై లేని నేరములు మోపిరి. మన ముత్తవ్వలు చెప్పిన కథలలో ఇవన్నియు మీరు వినియే యుందురు. దొరగారు అవసరమైనచోట అధికారులకు వ్రాసిరి, కొన్నిచోట్ల కరణము, మునసబులను కూర్చుండబెట్టి మాటలాడిరి. కాని మిషను ఆవరణలో ఇండ్లు కట్టించి విశ్వాసులను అందరిని అక్కడకు తెచ్చుకొనలేదు. మీ ఊరిలోనే ఉండుడు, మీ వృత్తియే చేసికొనుడు, మీ పల్లెలోనే ప్రార్థన చేసికొనుడు అనెను. బోధకులు కూడ ఆ పల్లెలవారే. మూడు నెలలకొకసారి వారందరు ఒంగోలు చేరి, నేర్చుకొని, లెక్క చెప్పి, మరల తమ తమ గ్రామములకు పోవుచుండిరి. చెప్పులు కుట్టుట మానుమని ఆయన ఎవరితోను అనలేదు. విడువవలసినదేదో, విడువనక్కరలేనిదేదో ఆయనకు బాగుగా తెలియును.

కంభము, మార్కాపురము వైపులకు దొరగారు గుడారములతో పలుమార్లు వచ్చిరి. అప్పుడు ఒంగోలు, కనిగిరి నెల్లూరు జిల్లాలోనివి. కంభము, మార్కాపురము కర్నూలు జిల్లాలోనివి. సువార్తకు జిల్లాల సరిహద్దులు అడ్డురాలేదు. తోళ్ల వర్తకులు, అల్లుండ్రు, మేనమామలు నడచిన దారుల వెంబడియే అది నడచినది. 1872లో ఆయన అమెరికా వెళ్లి, రామాయపట్నములో బోధకుల తరిఫీదు కొరకు పెట్టిన వేదపాఠశాలకు 50,000 డాలర్లు సమకూర్చి 1874లో తిరిగివచ్చిరి.

తరువాత ధాత కరువు వచ్చినది.

1876లో వానలు రెండు కార్లును తప్పినవి. మన సీమ ఎప్పుడును వానకు మొగము వాచినదే. కంభము చెరువు క్రింద తప్ప తక్కినదంతయు మెట్ట. జొన్న లేదు, సజ్జ లేదు, పశువుకు గడ్డి లేదు. పశువులు చచ్చినప్పుడు మొదట నాలుగు దినములు మాదిగలకు తోళ్లు దొరికినవి, తరువాత అవియు లేవు. జనులు చెట్ల ఆకులు, బ్రహ్మజెముడు పండ్లు తిని, తూర్పుదిక్కుగా నడువసాగిరి. దారి ప్రక్కన పడిపోయినవారిని లెక్కించినవారు లేరు. వెంట విశూచి వచ్చినది. ఈ కరువులో దక్షిణ హిందూదేశమున లక్షలాది జనులు మరణించిరి.

సర్కారువారు కరువు పనులు పెట్టిరి. వానిలో ముఖ్యమైనది బకింగ్‌హాము కాలువ త్రవ్వకము. అయితే అక్కడకు పోయిన మాదిగలకు మేస్త్రీల చేతిలో తిట్లు, దెబ్బలు, కొలతలో మోసము. పోవుటకే జనులు భయపడిరి. దొరగారు ఆలోచించిరి. ధర్మము చేయుటకు చేతిలో నున్న సొమ్ము ఎందరికి చాలును? అప్పుడు మిన్నెసోటా అడవులలో నేర్చిన విద్య జ్ఞాపకము వచ్చినది. ఆయన ఇంజనీరు యొద్దకు పోయి కాలువలో మూడున్నర మైళ్ల భాగమును తానే కాంట్రాక్టుకు తీసికొనెను. రాజుపాలెము దగ్గర పాకలు వేయించి, త్రాగునీటికి బావులు త్రవ్వించిరి. బోధకులే మేస్త్రీలైరి. ఒక్కొక్కసారి 3,000 మంది వరకు పని చేసిరి. మాదిగలే కాదు, శూద్ర కులములవారును వచ్చిరి. పార పట్టలేనివాడు గంప మోసెను, గంప మోయలేనివాడు చిన్నపని చేసెను. కూలి సరిగా ముట్టెను. ఒక జట్టు అలసి కూర్చుండగా బోధకుడు వారి నడుమ కూర్చుండి, ప్రయాసపడి భారము మోయువారిని పిలిచిన ప్రభువును గూర్చి చెప్పెడివాడు. తలపై మట్టిగంప దించి వినువానికి ఆ మాట వేరే అర్థము చెప్పవలసిన పని యుండదు.

ఆ వినినవారిలో అనేకులు బాప్తిస్మమడిగిరి. ఇదియే రెండవ పరీక్ష. మా అభిప్రాయములో మొదటిదానికంటె కఠినమైనది కూడ.

అడుగువారు వందలు కాదు, వేలు. ఇచ్చినచో కాదనువారెవరు? అమెరికాకు వ్రాసినచో అక్కడి సంఘములు సంతోషముతో పొంగిపోవును, చందాలు పెరుగును. ఇయ్యకపోయినచో నేడు అడిగినవాడు రేపు కలరాతో చచ్చిపోవచ్చును. దొరగారు లేదనిరి. తాను కూలి ఇచ్చుచున్నంతకాలము, గింజలు పంచుచున్నంతకాలము ఎవరికిని బాప్తిస్మము లేదనిరి. అన్నము కొరకు వచ్చినవాడెవడో, ప్రభువు కొరకు వచ్చినవాడెవడో మనుష్యుడు వేరుచేయలేనప్పుడు సంఘద్వారము మూసియుంచుటయే మేలని ఆయన నిశ్చయము. 1877 మార్చి మొదలు 1878 జూను వరకు, అనగా 15 నెలలు, ఒంగోలు సీమలో ఒక్క బాప్తిస్మమైనను జరుగలేదు. ఆ 15 నెలలు ఆకలిగొన్నవానికి కూడు మాత్రము కులము, మతము అడుగకయే పెట్టబడినది. కాలువ పని ముగిసిన పిమ్మట లండను నగరమున మేన్షన్ హౌసు కరువు నిధికి పోగైన సొమ్ములో నుండి విత్తనములకు, ఎద్దులకు, ఇంటి కప్పులకు సహాయము చేసిరి.

ఈ భాగము వ్రాయునప్పుడు మేము కొంత ఆగితిమి. దీనిని చదువు మన సంఘస్థులలో అనేకుల ఇండ్లలో ఈనాడు ఒక కాగితము వలన కలత యున్నది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము షెడ్యూల్డు కులముల వారికిచ్చు హక్కులు మొదట హిందువులకే కలవు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అవి విస్తరింపబడినవి. క్రీస్తును అంగీకరించినవానికి లేవు. మన రాష్ట్రములో అతడు బి.సి. సి గ్రూపులో చేరును. అందుచేత పిల్లవాని సర్టిఫికెట్టులో ఒక మతము, ఆదివారము బల్లమీద మరియొక మతము అను స్థితి వచ్చినది. అట్లు వ్రాయించుకొన్న తండ్రికి తీర్పు తీర్చుటకు మేమెవరము? ఆ ఉత్తర్వు న్యాయము కాదని మన సంఘములు ఎన్నో ఏండ్లుగా మొరపెట్టుచునే యున్నవి. ఊరి వెలుపలి బావి దగ్గర మన బిడ్డ పడు అవమానము మతము మారినందున మారలేదు. కాని అట్లు వ్రాయింపక, సీటు పోయినను, ఉద్యోగము పోయినను క్రైస్తవుడనని వ్రాయించుకొన్న కుటుంబములును మన మధ్య ఉన్నవి. వారి పేర్లు ఈ సంచికలో లేవు. కళ్లము దగ్గర మేర గింజలు పోగొట్టుకొన్న ఆ పూర్వుల వరుసలోనివారు వీరే.

మరల కథకు వత్తము. 1878లో వానలు కురిసినవి. సహాయపు సొమ్ము అయిపోవచ్చెను. దొరగారు బోధకులకు వర్తమానము పంపిరి: జూను మధ్యలో వెల్లంపల్లి దగ్గర కూడుకొనుడు, సంఘస్థులను మాత్రమే తీసికొని రండు, బాప్తిస్మము కోరువారిని తేవలదు అని. వెల్లంపల్లి ఒంగోలుకు ఉత్తరముగా పదిమైళ్ల దూరమున, మద్రాసు రాజమార్గము గుండ్లకమ్మను దాటుచోట నున్నది. ఒంగోలులో అంటువ్యాధి యున్నందున ఆ చోటు ఎంచుకొనిరి. అయితే వలదన్నను జనులు గుంపులు గుంపులుగా వచ్చిరి. దొరగారు ఒక ఎత్తైన చోట నిలిచి, సొమ్ము లేదు, ఇక సహాయము చేయజాలను, మీ మీ ఊళ్లకు పొండని స్పష్టముగా చెప్పిరి. జనులు కదలలేదు. మాకు సహాయమక్కరలేదనిరి. చేతుల మీది బొబ్బలు చూపించి, మేము కష్టపడి తిన్నవారమేగాని బిచ్చమెత్తినవారము కామనిరి. మరల వానలు తప్పి చావవలసివచ్చినను క్రైస్తవులుగానే చత్తుము, చేర్చుకొనుమనిరి.

ఇంక కాదనుటకు ఆయన యొద్ద కారణము లేదు.

అయినను తొందరపడలేదు. తోపులో గ్రామముల వారీగా జనులను కూర్చుండబెట్టిరి. ఆ గ్రామపు బోధకుడు, పెద్దలు ఒక్కొక్కరిని గూర్చి సాక్ష్యము చెప్పవలెను. వారి విశ్వాసమును, నడవడిని విచారించి, అంగీకరింపబడినవారి పేర్లు పట్టికలో వ్రాసిరి. కొందరిని ఇంకను ఆగుమనిరి. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మొత్తము మూడు దినములలో 3,536 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మము పొందిరి. ఒక్క దినములో 2,222 మంది ఎట్లని అడుగువారు కలరు. అభిషేకము పొందిన తెలుగు బోధకులు ఆరుగురు. ఒకసారి ఇద్దరు నీటిలో నిలిచిరి, వారు అలసినప్పుడు మరి ఇద్దరు దిగిరి. ఉదయమున, మరల మధ్యాహ్నము తరువాత, మొత్తము సుమారు తొమ్మిది గంటల కాలము పట్టినది. పేర్లు చదువువారు ఒడ్డున నిలిచి చదివిరి. క్లౌ దొరగారు ఒక్కరికైనను తమ చేతితో బాప్తిస్మమియ్యలేదు. గట్టున నిలిచి క్రమము చూచుకొనిరి. నల్లమలలో పుట్టి, కంభము చెరువును నింపి, మార్కాపురము సీమ మీదుగా వచ్చు నీరే అది. మన పడమటి పల్లెలవారు తమ ఏటిలోనే మునిగిరన్నమాట!

జూలై నెలాఖరుకు ఆ సంఖ్య 8,691కి, సంవత్సరాంతమునకు 9,606కు పెరిగినది. అమెరికాలో సంతోషము, ఆశ్చర్యము. ఇక్కడను అక్కడను కొందరి అనుమానము. అన్నపు క్రైస్తవులని ఎగతాళి చేసినవారు లేకపోలేదు. ఆ ఎగతాళికి 15 నెలల ఆ నిరీక్షణమే జవాబు. మేము మరియొక జవాబు కూడ చేర్చగలము. అన్నము కొరకు వచ్చినవాడు వానలు కురిసిన తరువాత వెళ్లిపోవలెను గదా! వీరి బిడ్డలు, బిడ్డల బిడ్డలు నేటికిని ఇక్కడనే యున్నారు.

తరువాతి సంగతులు త్వరగా చెప్పుదుము. ఒంగోలు సంఘము ఒక్క మనుష్యుడు కాయజాలనంత పెద్దదైనది. 1882లో కంభము, 1883లో వినుకొండ, నరసరావుపేట, బాపట్ల వేరు స్టేషనులైనవి. 1890 డిసెంబరు 28న ఒంగోలులో ఒక్కదినమున 1,671 మంది బాప్తిస్మము పొందిరి. మరుసటి ఏట దొరగారు అమెరికా వెళ్లి క్రొత్త మిషనరీల కొరకును, సొమ్ము కొరకును సంఘములను అర్థించిరి. దాని ఫలముగా 1892లో కనిగిరి, 1894లో పొదిలి, 1895లో మార్కాపురము, 1903లో మన దొనకొండ స్టేషనులు ఏర్పడినవి. ఆయన తన చేతిలోని పొలమును ముక్కలు ముక్కలుగా పంచి, చిన్నవారికి అప్పగించుచు పోయెను. గొప్ప పని చేసినవారిలో ఇట్లు చేయగలవారు చాల తక్కువ. మన సంఘములలో ఒక కమిటీ పదవి విడుచుటకే ఎంత కష్టమో మనకు తెలియును.

హేరియెట్ అమ్మగారు 1893లో ప్రభువునందు నిద్రించిరి. సంఘచరిత్రలలో ఆమె పేరు అరుదుగా కనబడును. ఆ సాయంకాలము రెండవ గదిలో వేదపుస్తకము తెరచినది ఆమెయేనని మరువరాదు. దొరగారు 1894లో, మిషనరీగా ఈ దేశమున పనిచేసిన ఎమ్మా రౌషెన్‌బుష్ అమ్మగారిని వివాహమాడిరి. ఆమె చదువరి. మాదిగపల్లెలలో కూర్చుండి, పేరయ్యగారి తరమువారి నోట వారి కథలు విని, 1899లో ఇంగ్లీషున ఒక గ్రంథము ప్రకటించిరి. మన పూర్వుల గురువులు, వారి యోగసాధన, వారు పడిన బాధలు మనకీనాడు తెలియుచున్నవన్నచో అందులో ఆమె శ్రమ చాల యున్నది.

ముసలితనమున దొరగారి ఆరోగ్యము చెడినది. అమెరికాకు తిరిగివెళ్లి, 1910 నవంబరు 24న, అక్కడివారు దేవునికి కృతజ్ఞతలు చెల్లించు పండుగ దినముననే, న్యూయార్కు రాష్ట్రములోని రోచెస్టరు పట్టణమున మరణించిరి. వయస్సు 74. ఒంగోలులో ఆయన పేర ఆసుపత్రి వెలసినది. ఆయన చెప్పగా ఎమ్మా అమ్మగారు వ్రాసిపెట్టిన జీవితకథ 1914లో అచ్చయినది. తన తొలిరోజులలో పల్లెలకు దారి చూపినది పేరయ్యగారేననియు, ఆ జనుల పద్ధతులను తాను వారి యొద్దనే నేర్చుకొంటిననియు ఆయన అందులో దాపరికము లేకుండ ఒప్పుకొనిరి.